గోడమీది నక్షత్రం, గగనంలోని అరుంధతి

శంషాబాదు పరిసరాలలో ఇటీవల వెలసిన బహుళాంతస్తుల భవనాలకు, విల్లాలకు గృహప్రవేశ సందర్భాలలో వెళ్ళేవారికి ఒక క్రొత్త అలంకారం పరిచితమవుతున్నది. ముందుగదిలో, ఒకప్పుడు లక్ష్మీసరస్వతుల పటాలో, శ్రీవేంకటేశ్వరుని పటమో శోభిల్లిన స్థానంలో, ఐరోపా దేశాల ప్రాచీన ఖగోళచిత్రాల ప్రతులు చట్రాలలో అమరి కనిపిస్తున్నవి. వలయంలో వలయంగా గ్రహకక్ష్యలు, వాటిని చుట్టి ద్వాదశరాశులు, మూలలలో రెక్కలుగల బాలురు, ఆకాశమంతా వ్యాపించిన సింహ వృశ్చిక ధనుర్ధరుల రూపాలు. చూపును నిలిపే చిత్రాలే అవి, సందేహం లేదు.

వీటిని చూచినప్పుడు ఆస్తికులలో రెండు మాటలు వినవస్తున్నవి. "పరమతస్థుల ఊహలు నిండిన ఈ పటాలు మన ఇండ్లలో ఎందుకు?" అన్నది మొదటిది. "అందంగా ఉన్నవి, గోడకు శోభ; ఇందులో విచారించవలసినదేమున్నది?" అన్నది రెండవది. ఈ రెండు మాటలూ అసంపూర్ణములేనని నా అభిప్రాయం. చిత్రం ఏ దేశపుదన్న ప్రశ్న సాధకునికి ప్రధానం కాదు. అందంగా ఉన్నదా లేదా అన్నదీ పర్యాప్తం కాదు. అది మన చూపును తనవద్దనే నిలుపుకుంటున్నదా, లేక తనను దాటించి అసలు వస్తువువైపు నడిపిస్తున్నదా అన్నదే విచారణీయం. నడిపించే చిత్రం ఏ దేశపుదైనా గ్రాహ్యమే. నిలిపివేసే చిత్రం స్వదేశీయమైనా గోడకు భారమే.

ఈ చిత్రాల స్వరూపం

ఇంట ఉన్న వస్తువును గురించి తెలిసికొనుట గృహస్థుని కనీసధర్మం. కనుక ముందుగా ఈ చిత్రాలు ఎక్కడివో చూద్దాం.

నేడు ప్రతులుగా అమ్ముడయ్యే ఖగోళచిత్రాలలో తరచుగా కనిపించేవి కొద్ది గ్రంథాలకు చెందినవి. 1603లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో యోహాన్ బేయర్ ప్రకటించిన 'యురనొమెట్రియా' ఒకటి. అందులో 51 నక్షత్రపటాలున్నవి. ఒక్కొక్క రాశిలోని తారలను గ్రీకు అక్షరాలతో గుర్తించే పద్ధతి ఆ గ్రంథంతోనే స్థిరపడింది. శాస్త్రజ్ఞులు నేటికీ దానినే వాడుతున్నారు. 1660లో ఆమ్‌స్టర్‌డాంలో ఆండ్రియాస్ సెల్లారియస్ ప్రకటించిన 'హార్మోనియా మాక్రోకాస్మికా' మరొకటి. ఇందులో 29 పెద్ద ఫలకాలు. ముందుగదులలో అధికంగా శోభిల్లే వర్ణరంజిత వలయచిత్రాలు ఈ గ్రంథానివే. యోహానెస్ హెవీలియస్ 1647లో ప్రకటించిన 'సెలెనోగ్రాఫియా' చంద్రబింబానికి అంకితమైన గ్రంథం. ఆయన తన ఇంటి మిద్దెపై వేధశాల నిర్మించుకొని, రాత్రులు చంద్రుని పరిశీలించి, తాను చూచినదానిని తన చేతితోనే రాగిరేకుపై చెక్కినవాడు. ఆయన నక్షత్రపటాలు ఆయన మరణానంతరం, 1690లో, సహధర్మచారిణి ఎలిజబెత్ పూనికతో వెలువడినవి. ఆమె కూడా భర్తతోపాటు నక్షత్రవేధ చేసిన విదుషి.

ఆనాటి పని ఎట్టిదో గమనించండి. శిల్పి నునుపు చేసిన రాగిరేకుపై ఉక్కు ములికితో గీతలు చెక్కుతాడు. చెక్కునది కుడియెడమల తారుమారుగా చెక్కాలి. అప్పుడే కాగితంపై సరియైన రూపం వస్తుంది. గీతలలో సిరా నింపి, పైభాగం తుడిచి, తడి కాగితం పరచి, యంత్రం క్రింద అదుముతారు. ఆ తరువాత ఒక్కొక్క ప్రతికి చేతితో రంగులు వేస్తారు. బింబ ప్రతిబింబ న్యాయాన్ని నిత్యం అనుభవించిన వృత్తి అది. మనం కొనేది ఆ ప్రతిబింబానికి ఛాయాగ్రహణం, దానికి మరల యంత్రముద్రణ. అనగా వస్తువునుండి నాలుగైదు మెట్లు దూరమైనది. ఇందులో దోషం లేదు. ఆ దూరాన్ని మరచుటలోనే దోషం.

ఇంకొక హెచ్చరిక. భూమి అంచువద్ద మోకరిల్లిన ఒక యాత్రికుడు, నక్షత్రాలు పొదిగిన గగనపు తెరను చీల్చుకొని తల అవతలికి పెట్టి, అక్కడి చక్రాలను చూస్తున్నట్లుండే చిత్రం ఒకటి బహుళప్రచారంలో ఉన్నది. దానిని మధ్యయుగాల నాటిదని చెప్పి అమ్ముతారు. వాస్తవానికి అది ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు కమీల్ ఫ్లామరియన్ 1888లో ప్రకటించిన గ్రంథంలోనిది. మాయావరణాన్ని భేదించే జీవునిగా దానిని భావించి సాధకులు ఇష్టపడటం సహజం. అట్లే భావించండి. అయితే అతిథి అడిగినప్పుడు "అయిదువందల ఏండ్ల నాటిది" అని చెప్పవద్దు. సత్యవ్రతం గోడమీద కూడా వర్తిస్తుంది.

అరుంధతి ఎక్కడ?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన సంప్రదాయంలో దృశ్యంద్వారా అదృశ్యాన్ని బోధించే రెండు ప్రసిద్ధ న్యాయాలున్నవి, రెండూ ఆకాశానికి సంబంధించినవే. మొదటిది శాఖాచంద్రన్యాయం. చంద్రుడెక్కడని అడిగిన బాలునికి "ఆ చెట్టుకొమ్మపై చూడు" అంటాము. చంద్రుడు కొమ్మపై లేడు. కొమ్మకు చంద్రునితో ఏ సంబంధమూ లేదు. అయినా కొమ్మ లేక బాలుని చూపు చంద్రుని చేరదు. చేరిన తరువాత కొమ్మతో పని లేదు. రెండవది స్థూలారుంధతీన్యాయం. అరుంధతి సూక్ష్మతార. దానిని చూపుటకు ముందు ప్రక్కనున్న ప్రకాశవంతమైన తారను చూపి "అదే అరుంధతి" అంటారు. చూపు అక్కడ నిలిచిన తరువాత "అది కాదు, దాని ప్రక్కనున్న చిన్నది" అని సవరిస్తారు. శరీరంనుండి ఆత్మవరకు శిష్యుని నడిపించే ఉపనిషద్బోధకు ఆచార్యులు దృష్టాంతంగా గ్రహించినది దీనినే.

ఈ న్యాయం గ్రంథాలకే పరిమితం కాదు. ప్రతి తెలుగు వివాహంలోనూ ఆచరణలో ఉన్నది. పాణిగ్రహణానంతరం వధూవరులకు అరుంధతీదర్శనం చేయించాలి. కాని నేడు జరుగుతున్నదేమి? శంషాబాదు చుట్టుప్రక్కల కల్యాణమంటపాలు, కన్వెన్షన్ హాళ్ళు వరుసగా వెలసినవి. ముహూర్తం పట్టపగలైనా, రాత్రియైనా, విద్యుద్దీపాల మిరుమిట్లలో పురోహితుడు వేలు చూపి "అరుంధతి కనిపించిందా?" అని అడుగుతాడు. ఛాయాచిత్రకారుడు "ఇటు చూడండి" అంటాడు. వరుడు వధువువైపు తిరిగి చిరునవ్వుతో "కనిపించింది" అంటాడు. అందరూ నవ్వుతారు. గృహస్థాశ్రమంలో దంపతులు కలిసి పలికే తొలి మాటలలో ఒకటి ఇట్లు చూడనిదానిని చూచామని పలికే మాట అవుతున్నది. ఇది పురోహితుని తప్పు కాదు. ముహూర్తకాలంలో తార లేకున్న ఆయన మాత్రం ఏమి చేయగలడు? కాని ఆ రాత్రియో, ఆ నెలలోనో, ఆ సంవత్సరంలోనో వారు ఎన్నడైనా ఆ తారను నిజంగా చూచినారా అన్న ప్రశ్న మిగిలియున్నది. చూడకపోతే ఆ క్రతుభాగం అసంపూర్ణంగానే ఉండిపోయింది.

చూచుట దుస్సాధ్యమా? కాదు. చైత్ర వైశాఖ మాసాలలో రాత్రి తొమ్మిది, పది గంటల వేళ ఉత్తరదిక్కుకు తిరిగి నిలబడితే, దిగంతానికీ నడినెత్తికీ ఇంచుమించు మధ్యభాగంలో సప్తర్షిమండలం కనిపిస్తుంది. నాలుగు తారలు చతుష్కోణంగా, మూడు తోకవలె వంపుగా ఉంటవి. ఆ మూడింటిలో నడిమిది వసిష్ఠుడు. దానిని అంటి ఉన్న మసకతార అరుంధతి. రెంటి నడుమ దూరం పూర్ణచంద్రబింబపు వెడల్పులో సగంకంటె తక్కువ. కార్తిక మార్గశీర్షాలలో సాయంకాలం వెదకితే కనిపించదు. ఆ కాలంలో అది తెల్లవారుజామున ఈశాన్యాన ఉదయించి ఉంటుంది. ఈ మాత్రపు జ్ఞానం ఒకనాడు ప్రతి ఇంటి అరుగుమీద ఉండేది.

ఈ తార విషయంలో ఒక విశేషమున్నది. కంటికి ఒకటిగా తోచే వసిష్ఠుని 1617లో గెలీలియో శిష్యుడు కాస్టెల్లి దూరదర్శినితో చూచి, అది రెండు తారలని గ్రహించినాడు. 1889లో అమెరికా శాస్త్రజ్ఞుడు పికరింగ్ ఆ రెండింటిలో ప్రకాశవంతమైనది మరల రెండని వర్ణపటంద్వారా నిరూపించినాడు. స్థూలంనుండి సూక్ష్మానికి, సూక్ష్మంనుండి సూక్ష్మతరానికి నడిపించే దృష్టాంతంగా మన పెద్దలు ఎన్నుకున్న తారయే శాస్త్రజ్ఞులకు కూడా అట్టి సోపానమైంది. దీనిని పట్టుకొని "మన ఋషులకు ఇదంతా ముందే తెలుసు" అని నేననను. అట్టి అతిశయోక్తి ఋషులకు గౌరవం కాదు. స్థూలం ముందు, సూక్ష్మం పిదప అన్న క్రమం ఏ జిజ్ఞాసకైనా తప్పదన్నంతవరకే నా మనవి.

పరాయివన్న ఆక్షేపం

ఇక మొదటి ఆక్షేపం. బేయర్ పటంలో సప్తర్షుల స్థానంలో పొడవైన తోకగల ఎలుగుబంటి ఉంటుంది. "మహర్షులను మృగంగా చిత్రించిన పటాన్ని ఇంట పెట్టుకోవచ్చునా?" అని భక్తులు కలతచెందుతారు. వారికొక శ్రుతివిషయం గుర్తుచేయాలి. సంస్కృతంలో 'ఋక్ష' శబ్దానికి నక్షత్రమనీ, భల్లూకమనీ రెండర్థాలున్నవి. సప్తర్షులను పూర్వం 'ఋక్షములు' అని పిలిచేవారని శతపథబ్రాహ్మణమే రెండవ కాండలో కృత్తికలను ప్రస్తావించే సందర్భంలో చెప్పుచున్నది. ఐరోపావారి ఎలుగుబంటికీ, మన ఋక్షశబ్దానికీ ఉన్న బంధుత్వాన్ని పండితులు చర్చిస్తారు. మనకు ఇంత చాలు: ఆ రూపం శ్రుతికి అపరిచితం కాదు.

చిత్రమే పరాయిదన్నవారికి మరొక సమాధానం. ఖగోళాన్ని గీసి చూపుట మన శాస్త్రంలో విహితం. సూర్యసిద్ధాంతంలో ఆరవ అధికారం పూర్తిగా గ్రహణాల చిత్రలేఖనానికే కేటాయించబడింది. ఛేద్యకమనీ, పరిలేఖమనీ దానికి పేర్లు. గీయనిదే గ్రహణభేదాలు స్ఫుటంగా తెలియవని ఆ అధికారం ఆరంభంలోనే సిద్ధాంతకారుడు చెప్పినాడు. చదును చేసిన నేలపై బిందువు నుంచి, 49 అంగుళాల వ్యాసార్ధంతో మొదటి వృత్తం గీయమన్నాడు. తరువాత దాని లోపల ఇతర వృత్తాలు. గ్రస్తభాగాన్నిబట్టి చంద్రుని వర్ణం పొగరంగునుండి నలుపుకు, నలుపునుండి ముదురు రాగికి, సంపూర్ణగ్రహణంలో కపిలవర్ణానికి మారునని కూడా వర్ణించినాడు. రాగిరేకుపై చెక్కిన ఐరోపా శిల్పికీ, నేలపై వృత్తాలు గీసిన మన సిద్ధాంతికీ సాధనాలు వేరు, ప్రయోజనం ఒక్కటే.

ముద్రితపటం అన్న వస్తువే మనకు ఆ దారిలో వచ్చిందన్న సంగతి కూడా మరువరాదు. ఇంటింటా లక్ష్మీసరస్వతులను నిలిపిన రాజా రవివర్మ ముద్రణాలయం 1894లో బొంబాయిలో ఐరోపా యంత్రాలతో ఆరంభమైనదే. యంత్రం పరదేశీయమని మన పెద్దలు ఆ లక్ష్మిని నిరాకరించలేదు. పటానికి పుష్పం సమర్పించి, పటాన్ని దాటి దేవతను చేరుకున్నారు.

శంషాబాదు ఆకాశం

ఈ విషయాన్ని శంషాబాదును ఆధారం చేసికొని చెప్పుటకు కారణమున్నది. 'శమ్స్' అనగా అరబ్బీలో సూర్యుడు. పైగా వంశపు ప్రభువులకు 'శమ్స్-ఉల్-ఉమ్రా' అన్న బిరుదం ఉండేది. అనగా సామంతులలో సూర్యుడు. ఆ బిరుదమే ఈ ఊరిపేరుకు మూలమంటారు. ఆ బిరుదం ధరించిన ఫక్రుద్దీన్ ఖాన్ 19వ శతాబ్ది పూర్వార్ధంలో పాశ్చాత్య శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి అనువదింపజేసి, తన సొంత శిలాముద్రణాలయంలో అచ్చువేయించినాడు. 'సిత్తా-ఎ-శంసియా' అన్న ఆ ఆరు గ్రంథాల సంపుటిలో ఖగోళశాస్త్రం ఒకటి. ఆ వంశీయుడే అయిన నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండునుండి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి హైదరాబాదులో వేధశాలకు పునాది వేసినాడు. ఆయన మరణానంతరం 1908లో ప్రభుత్వం దానిని స్వీకరించింది. బేగంపేటకు తరలిన ఆ నిజామియా వేధశాల, సమస్త నభోమండలాన్ని ఛాయాచిత్రాలుగా గ్రహించే అంతర్జాతీయ ప్రయత్నంలో పాలుపంచుకున్నది. ఆకాశంలో దక్షిణక్రాంతి 17 నుండి 23 అంశల వరకు గల పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. లక్షలాది తారల స్థానాలను అక్కడ కొలిచినారు. 1918నుండి 1944 వరకు దానికి అధ్యక్షత వహించినవారు టి. పి. భాస్కరన్.

అంతకు పూర్వమే, 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించుటకు ఫ్రాన్సునుండి జాన్సెన్ గుంటూరుకు వచ్చినాడు. మద్రాసు వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచార్యులు వనపర్తిలో పరిశీలనబృందాన్ని నడిపినారు. ఆయన ఒకవంక ఆంగ్లేయుల వేధశాలలో పనిచేస్తూ, మరొకవంక మన పంచాంగాన్ని దృగ్గణితంతో సంస్కరించాలని శ్రమించిన ఆస్తికుడు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత వేధశాల నెలకొల్పగా, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని కొనసాగించి 1874 నాటి శుక్రసంక్రమణాన్ని పరిశీలించినారు. వీరందరి దృష్టిలో ఆకాశం ఒక్కటే. మన తార, పరుల తార అన్న విభజన వారెరుగరు.

బేగంపేటలో నగరదీపాలు పెరిగిన తరువాత వేధశాలకు చీకటి కరవైంది. క్రొత్త 48 అంగుళాల దూరదర్శినిని 1968లో రంగాపూరు వద్ద నెలకొల్పవలసివచ్చింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడనుండి పరిశీలించినారు. ఇక 2008 మార్చిలో విమానాశ్రయం కూడా బేగంపేటనుండి శంషాబాదుకు తరలివచ్చింది. దానివెంట రహదారులు, వసతిగృహాలు, గోదాములు, ఉన్నతభవనాలు, వాటన్నిటి దీపాలు వచ్చినవి. ఒకప్పుడు అమ్మపల్లి రామాలయం వద్దనో, ముచ్చింతల పొలాలలోనో నిలిచినవానికి సులభంగా దొరికిన నక్షత్రరాశి నేడు సన్నగిల్లింది. రాత్రిపూట కదిలే వెలుగు కనిపిస్తే అది విమానమే అయి ఉంటుంది.

ఎవరినీ నిందించుట నా ఉద్దేశం కాదు. విమానాలు రావలసినదే, ఆ విమానాలలోనే మన పిల్లలు చదువులకు వెళ్ళి తిరిగివస్తున్నారు. కాని ఒక వైపరీత్యాన్ని గమనించాలి. ఆకాశంలో తారలు తగ్గుతున్నకొలదీ గోడలపై తారలు పెరుగుతున్నవి. మిద్దెమీదికి వెళ్ళి చూడని సప్తర్షులను ముందుగదిలో చట్రం కట్టి చూస్తున్నాము. కొమ్మను నరికి తెచ్చి ఇంట నాటుకొని, చంద్రుని మరచినట్లయింది. నా ఆందోళన దీనిని గురించియే. బొమ్మ ఏ దేశపుదన్నదానిని గురించి కాదు.

అధ్యారోపం, అపవాదం

అయితే ఈ చిత్రాలవలన సాధకునికి తత్త్వలాభం ఏమైనా ఉన్నదా? ఉన్నది, మెండుగా ఉన్నది.

సెల్లారియస్ గ్రంథంలో ఒక విచిత్రమున్నది. భూమిని కేంద్రంగా నిలిపిన టాలెమీ మతం, సూర్యుని కేంద్రంగా నిలిపిన కోపర్నికస్ మతం, గ్రహాలు సూర్యుని చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగునన్న టైకో బ్రాహే మతం, ఈ మూడూ ఒకే గ్రంథంలో, సమానమైన శోభతో, సమానమైన బంగారువన్నెతో చిత్రింపబడినవి. మూడూ ఒకేసారి సత్యం కాజాలవు. అయినా మూడూ ఒకే తీరున మనోహరంగా ఉన్నవి. సౌందర్యం సత్యానికి ప్రమాణం కాదని ఇంతకంటె స్పష్టంగా బోధించే పటం మరొకటి ఉండదు. మన సంప్రదాయంలోనూ ఈ వాదం నడచినదే. 499 నాటి ఆర్యభటీయం తారల దైనందినగమనం భూభ్రమణంవలన కలిగే తోపు మాత్రమేనని, పడవలో పోవువానికి ఒడ్డున ఉన్నవి వెనుకకు నడచినట్లు తోచు దృష్టాంతంతో చెప్పింది. బ్రహ్మగుప్తుడు దానిని ఖండించినాడు. ఇద్దరూ మనవారే, ఇద్దరూ పూజ్యులే.

అద్వైతసాధకునికి ఇది అధ్యారోపాపవాద పద్ధతికి ప్రత్యక్షోదాహరణ. తారలపై ఎలుగుబంటి రూపాన్ని ఒకరు ఆరోపించినారు, ఋషుల రూపాన్ని మరొకరు. ఆరోపం లేక బోధ ఆరంభం కాదు. అపవాదం లేక బోధ ముగియదు. నామరూపాలు తొలగిన తరువాత మిగిలినవి వెలుగుచుక్కలు. ఆ వెలుగును కూడా వెలిగించునదేదో అడుగుటయే ఉపనిషత్తు. అక్కడ సూర్యచంద్రతారకల వెలుగు చెల్లదని కఠోపనిషత్తు చెప్పిన స్థానం అది.

విశిష్టాద్వైతికి మార్గం వేరు. ముచ్చింతలలో 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కృతమైన 216 అడుగుల సమతామూర్తి సన్నిధికి వెళ్ళే భక్తులకు అది తెలిసినదే. జగత్తు మిథ్య కాదు, భగవంతునికి శరీరం. గీతలో విశ్వరూపాన్ని దర్శించిన అర్జునునికి సూర్యచంద్రులు ఆయన నేత్రాలుగా గోచరించినారు. అట్టి భక్తుడు హెవీలియస్ చంద్రపటంలోని ఒక్కొక్క గుంటను, ఒక్కొక్క శిఖరాన్ని స్వామి శరీరంపై రేఖగా భావించవచ్చును. ఏ మార్గమైనా, చిత్రం ఆలంబనమే, గమ్యం కాదు.

హెవీలియస్ నక్షత్రపటాలలో ఇంకొక సూక్ష్మమున్నది. ఆయన రాశులను భూమినుండి చూచినట్లు కాక, నభోగోళాన్ని వెలుపలనుండి చూచినట్లు చిత్రించినాడు. అందువలన రూపాలన్నీ కుడియెడమలు మారి ఉంటవి. ఆ పటాన్ని చూచి మిద్దెమీద సప్తర్షులను వెదికితే తోక ఎదుటిదిక్కుకు తిరిగి ఉంటుంది. బేయర్ మనుష్యుడు నిలిచిన చోటునుండి చూచినాడు. హెవీలియస్ మనుష్యుడెవ్వడూ నిలువజాలని చోటును ఊహించి చూచినాడు. దృశ్యాన్ని బయటనుండి చూచే ద్రష్ట ఎవడు? బ్రహ్మాండానికి వెలుపల నిలువగల సాక్షి ఎవడు? ఆ పటం ఎదుట కూర్చున్న సాధకునికి దృగ్దృశ్యవివేకం ఆరంభించుటకు ఇంతకంటె మంచి ప్రశ్న అక్కరలేదు.

ఆచరణకు కొన్ని మాటలు

ఇట్టి చిత్రాలను ఇంట ఉంచదలచిన ఆస్తికులకు నా సూచనలు ఇవి. ఎవరి ఆచారాన్ననుసరించి వారు గ్రహింతురుగాక.

పూజామందిరంలో వీటిని ఉంచవద్దు. అక్కడ ప్రతిష్ఠ, ఆవాహనం, నైవేద్యం ఉన్న మూర్తికే స్థానం. నవగ్రహాలను దేవతలుగా ఉపాసించుట వేరు, గ్రహకక్ష్యలను చిత్రంగా పరిశీలించుట వేరు. రెండింటినీ కలగాపులగం చేస్తే ఉపాసనకూ, శాస్త్రానికీ హాని. అట్లే, "తూర్పుగోడకు సూర్యపటం వేలాడదీస్తే దోషం పోతుంది" వంటి మాటలతో ఎవరైనా అమ్మజూపితే ఆ మాటను నమ్మి కొనవద్దు. అది చిత్రం, రక్షరేకు కాదు.

పది పటాలు వద్దు; ఒకటి, రెండు చాలు. అపరిగ్రహం వస్త్రాభరణాలకే కాదు, గోడకూ వర్తిస్తుంది. ఉన్నదాని క్రింద కర్త పేరు, సంవత్సరం, ఇది ప్రతి అన్న మాట తెలుగులో వ్రాయించండి. పిల్లలు చదువుతారు, అడుగుతారు. మీరు చెప్పుటకు తెలిసికొంటారు.

ఆ ఐరోపా పటం ప్రక్కన మన పరిలేఖం ఒకటి ఉంచండి. కొనవలసిన పనిలేదు. రాబోవు చంద్రగ్రహణానికి పంచాంగంలో స్పర్శ, మధ్య, మోక్షకాలాలు చూచి, తెలిసినవారి సాయంతో ఇంటి పిల్లలచేతనే వృత్తాలు గీయించండి. మిద్దెమీద వారు చూచినదీ, వారు గీచినదీ సరిపోయిన క్షణాన శాస్త్రంపై కలిగే శ్రద్ధ వంద ఉపన్యాసాలవలన కలగదు.

చిత్రాన్ని సోఫా వెనుక కాక, మిద్దెకు వెళ్ళే మెట్లవద్దనో, వసారా ద్వారంవద్దనో వేలాడదీయండి. బయటికి పోవువాని చూపు దానిపై పడి, ఆ చూపుతోనే అతడు ఆకాశం క్రిందికి నడవాలి. అమావాస్యకు ముందువెనుకల నాలుగు రాత్రులు మిద్దెమీది దీపాన్నైనా ఆర్పండి. విమానాశ్రయపు దీపాలు మన చేతిలో లేవు. మన ఇంటి దీపం మన చేతిలోనే ఉన్నది. మసక వెలుగులో అరుంధతి కంటికి అందకపోతే సామాన్యమైన ద్విదళదర్శిని, అనగా బైనాక్యులర్ చాలు.

చివరిగా ముఖ్యమైన మాట. ఇంట వివాహం జరిగితే, మంటపంలో కనిపించని అరుంధతిని ఆ నూతన దంపతులకు చూపించే బాధ్యత ఇంటిపెద్దలు స్వీకరించండి. వైశాఖమాసపు ముహూర్తమైతే అదే వారంలో ఒక రాత్రి చాలు. మార్గశీర్షమైతే చైత్రంవరకు ఆగండి. ముందు పటంలో సప్తర్షులను చూపండి, తరువాత మిద్దెమీదికి తీసికొనిపోండి, ముందు వసిష్ఠుని, తరువాత అరుంధతిని చూపండి. "కనిపించిందా?" అని అడగండి. "కనిపించలేదు" అని వారు నిజం చెప్పినా ఆనందించండి. మరొక రాత్రి మరల చూపండి. "కనిపించింది" అన్ననాడు మాత్రం ఆ మాట సత్యమై ఉండాలి.

అట్టి ఇంటిలో సెల్లారియస్ పటమున్నా, బేయర్ పటమున్నా నాకు అభ్యంతరం లేదు. ఎందరో సిద్ధాంతులు, శిల్పులు, వేధకర్తలు కన్నులు కాయలు కాచునట్లు చూచిన ఫలం ఆ గీతలలో ఉన్నది. మనం ఒక్క రాత్రి తలయెత్తి చూచుటయే వారికి మనం చెల్లించగల దక్షిణ.

శ్రీసూర్యనారాయణార్పణమస్తు.